ఒక ఎల్ కోసం

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఇంగ్లిష్‌లో రాస్తున్న కథ సంగతి నాలుగు ముక్కల్లో ముగించి, 'ట్రావెల్' క్రియకు భూతకాలంలో ఎల్ ఒకటా రెండా అని మిత్రుడితో పడ్డ తగువును మాత్రం రెండు పేజీలు రాశావు. నవ్వుకున్నాను. తెలుగులో చేసాడా, చేశాడా అని మేమూ పూటలకు పూటలు కొట్టుకున్నవాళ్లమే.

మీరిద్దరూ ఒప్పే. బ్రిటన్‌లో రెండు, అమెరికాలో ఒకటి. మన బడుల్లో నేర్పేది బ్రిటిష్ పద్ధతి కనుక నీ చెయ్యి రెండు రాస్తుంది.

ఇందులో మనకు చిక్కు ఎక్కడుందంటే, మన ద్విత్వం చెవికి వినిపిస్తుంది. ల ఒకటైతే కల, రెండైతే కల్ల. ఇంగ్లిష్‌లో ఎల్ ఒకటి రాసినా రెండు రాసినా పలుకు మారదు. అక్కడ లెక్క ఊనికది, అంటే మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలుకుతామో దానిది. 'రిఫర్'లో ఊనిక చివర పడుతుంది, అందుకే భూతకాలంలో ఆర్ రెట్టిస్తుంది. 'ఆఫర్'లో మొదట పడుతుంది, రెట్టించదు. 'ట్రావెల్'లోనూ ఊనిక మొదటే కనుక న్యాయంగా ఒక్క ఎల్ చాలు. బ్రిటిష్ వాళ్లు ఎల్‌కు మాత్రం ఈ సూత్రం నుంచి మినహాయింపు ఇచ్చారు. నోవా వెబ్‌స్టర్ 1828 నాటి తన అమెరికన్ నిఘంటువులో ఆ మినహాయింపు కొట్టేశాడు. నాలుకకున్న ఇంగ్లిష్ మాటను టి-యు-ఎన్-జి అని రాయాలన్నదీ ఆయనే. అది మాత్రం ఎవరూ వినలేదు! అమెరికాలో ఎప్పుడూ ఒకటే ఎల్ అని నీ మిత్రుడు వాదిస్తే, 'కంపెల్' భూతకాలం రాసి చూపించమను. అక్కడా రెండే, ఊనిక చివర ఉంది మరి.

కథ ఏ దేశపు పత్రికకు పంపుతున్నావో ఆ పద్ధతి పాటించు. 'ట్రావెల్'కు రెండు పెట్టి 'క్యాన్సిల్'కు ఒకటి పెట్టకు.

నీ వయసులో నేను ఒక అమెరికా పత్రికకు కథ పంపాను. ప్రూఫులో నా ఎల్‌లన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి. ఇంగ్లిష్ మాకూ వచ్చునంటూ పేజీడు ఉత్తరం రాశాను. అదే ప్రూఫులో నా కథానాయిక పేరు రెండు రకాలుగా అచ్చయి ఉంది. అది నా కంట పడలేదు. అలాగే అచ్చయింది.

నీ కథ చదివాను. నాలుగు పేజీల్లో ఆ క్రియ ఏడుసార్లు వచ్చింది. తాత రేపల్లె నుంచి ట్రావెల్ చేస్తాడు, గుంటూరుకు ట్రావెల్ చేస్తాడు, ఒంటరిగా ట్రావెల్ చేస్తాడు. రైల్లో ఆయనకు సీటు దొరికిందో లేదో నాకు తెలియలేదు. మూడో పేజీలో ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని, తెనాలి వచ్చేదాకా మూత మీద నుంచి చెయ్యి తీయలేదని రాశావు చూడు, అక్కడ ఆ క్రియ అవసరమే పడలేదు నీకు.

తిరగరాసి పంపు. ఈసారి ఎల్‌లు లెక్కపెట్టను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు