సమ్మె రోజు బండి వస్తుందా, రాదా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రైల్వే సమ్మె అంటున్నారు. మాకు రైలెక్కాలంటే నల్లగొండ దాకా బస్సులో పోవాలి. తీరా స్టేషన్‌కు పోయాక బండి లేదంటే పిల్లలతో, సామాన్లతో తిరిగి రావాలి. ఇంట్లో ఉండే తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ఉందమ్మా. ముందుగా ఒక మాట: టికెట్ కన్ఫర్మ్ అయిందనో, టైంటేబుల్‌లో బండి ఉందనో బయలుదేరకండి. ఆ రెండూ ఆ రోజు సంగతి చెప్పవు. నెట్ లేనప్పుడు ఫోన్‌లోని రైలు యాప్‌లు చూపేది కూడా ఉత్త టైంటేబులే.

బండ్ల రాకపోకలు చూపే రైల్వే వారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో పూర్తిగా రద్దయినవి, కొంత దూరమే నడిచేవి, దారి మళ్లించినవి వేర్వేరుగా ఉంటాయి. మూడూ చూడాలి. పేరుతో కాదు, నంబరుతో వెతకండి. నారాయణాద్రి తిరుపతి పోయేటప్పుడు 12734, వచ్చేటప్పుడు 12733. ఒకటి రద్దయినా రెండోది నడవొచ్చు.

ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గర. జాబితాలో ఉండేది బండి మొదటి స్టేషన్‌లో బయలుదేరే తేదీ. 12733 సాయంత్రం తిరుపతిలో బయలుదేరి తెల్లవారుజామున నల్లగొండకు వస్తుంది. మీవాళ్లు 11న తెల్లవారుజామున దిగాలంటే 10వ తేదీ జాబితా చూడాలి. 11వ తేదీది చూసి ‘రద్దు కాలేదు’ అనుకుంటే చీకట్లో స్టేషన్‌లో ఎదురుచూడటమే మిగులుతుంది.

ఇంకా పెద్ద చిక్కు దారి మళ్లింపు. సికింద్రాబాద్ నుంచి గుంటూరు వైపు పోయే బండిని కాజీపేట, విజయవాడ మీదుగా పంపితే అది నడుస్తున్నట్టే లెక్క. కానీ నల్లగొండ, మిర్యాలగూడ ముఖం చూడదు. మహబూబ్‌నగర్ వైపూ అంతే: బెంగళూరు బండిని వికారాబాద్, వాడి, రాయచూరు మీదుగా తిప్పితే జడ్చర్ల, గద్వాల దానికి తగలవు. అందుకే బండి నడుస్తోందా అని కాదు, మా స్టేషన్‌కు వస్తుందా అని అడగండి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. నంబరు, తేదీ, మీ స్టేషన్ మూడూ చెప్పండి.

ఇల్లు కదిలే ముందు చివరిసారి చూడాల్సింది, బండి మొదటి స్టేషన్ నుంచి బయలుదేరినట్టు యాప్‌లో టైం పడిందా లేదా అన్నది. బయలుదేరాక కూడా ఆలస్యం కావొచ్చు. బండి నడిపే లోకో పైలట్లు దారిలో మారతారు, మారాల్సిన చోట మనిషి లేకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. చాలా బండ్లకు వచ్చిన బోగీలే తిరుగు ప్రయాణానికి కడతారు కాబట్టి, నిన్న అటు నుంచి రావాల్సింది రాలేదంటే ఇవాళ ఇటు నుంచి పోయేది కూడా అనుమానమే.

ప్రశ్న: రైల్ రోకోకు కూడా ఇవే పద్ధతులా?
– ఒక పాఠకుడు, షాద్‌నగర్

జవాబు: కాదు. సమ్మెకు చట్టప్రకారం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కాబట్టి రద్దు జాబితాలు తయారు చేసుకునేందుకు రైల్వేకు వ్యవధి ఉంటుంది. రోకోలో పట్టాల మీద జనం కూర్చున్న క్షణం నుంచే బండ్లు ఆగుతాయి, జాబితా తర్వాత వస్తుంది. 2011 సకల జనుల సమ్మె నాటి రోకోలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అలాంటి రోజు అర్జెంటు పని ఉంటే, హైదరాబాద్ దాకానే అయితే, మా సలహా నేరుగా బస్సే.

ప్రశ్న: బండి రద్దయితే డబ్బు మొత్తం వస్తుందా? మహబూబ్‌నగర్ నుంచి ఆన్‌లైన్‌లో తీసిన టికెట్.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: బండిని రైల్వేనే పూర్తిగా రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్‌కు ఛార్జీ మొత్తం దానంతట అదే ఖాతాలో పడుతుంది. భయపడి ముందే మీరే రద్దు చేసుకున్నారా, క్యాన్సిలేషన్ ఛార్జీ కోస్తారు. కాబట్టి ఆగండి. కౌంటర్ టికెట్ అయితే బండి బయలుదేరాల్సిన వేళ నుంచి 72 గంటల్లోపు రిజర్వేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి. దారి మళ్లించి మీ స్టేషన్‌కు రాకపోతే మాత్రం ఆన్‌లైన్ టికెట్‌కూ డబ్బు దానంతట అది రాదు, 72 గంటల్లోపు టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, ఆన్‌లైన్‌లో వేయాలి. మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే గడువు ఇంకా తక్కువ: బండి మహబూబ్‌నగర్ నుంచి కదిలేలోపే టీడీఆర్ పడాలి. కదిలిన తర్వాత వేస్తే ఆలస్యం కారణం కింద పూర్తి డబ్బు రాదు.