టెక్ సందేహాలు: ప్రీయాంప్ కొన్నాక గొంతు ఎందుకు పగులుతోంది?

ప్రశ్న: ఇంట్లో ఓ గదిని స్టూడియోగా మార్చుకుని భక్తి పాటలు, వాయిస్ ఓవర్లు రికార్డ్ చేస్తుంటాను. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో మైక్ ప్రీయాంప్, కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దేది) రెండూ కలిసి ఉన్న ర్యాక్ బాక్సు కొన్నాను. దాని అవుట్‌పుట్‌ని మామూలు మైక్ కేబుల్‌తో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టెకి) కలిపాను. ఇంటర్‌ఫేస్ గెయిన్ పూర్తిగా తగ్గించినా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, గొంతు పగిలినట్టు వస్తోంది. బాక్సు పాడైందంటారా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: బాక్సు బాగానే ఉండి ఉంటుంది. ముందు ఆ మైక్ కేబుల్‌ని అనుమానించండి.

మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, సాధారణంగా కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని మిగతా స్టూడియో సామాను అందుకోగలిగే స్థాయికి పెంచడమే ప్రీయాంప్ పని. ఆ స్థాయిని లైన్ లెవెల్ అంటారు. ప్రొఫెషనల్ సామానులో దాని కొలత +4 డీబీయూ, అంటే దాదాపు 1.23 ఓల్టులు. మైక్ దగ్గర ఒక మిల్లీవోల్టు ఉందనుకుంటే, వెయ్యి రెట్ల పైన పెరిగినట్టు. మీరు ఇలా ఒకసారి పెంచిన సిగ్నల్‌ని తెచ్చి ఇంటర్‌ఫేస్‌లో ఉన్న రెండో మైక్ ప్రీయాంప్‌లోకి పంపిస్తున్నారు. దాని గెయిన్ సున్నాకి తిప్పినా అంత సిగ్నల్‌ని అది మోయలేదు.

ఇంటర్‌ఫేస్ ముందున్న సాకెట్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. చుట్టూ మూడు చిన్న రంధ్రాలు, మధ్యలో ఒక పెద్ద రంధ్రం ఉంటాయి. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ పెడితే చాలా ఇంటర్‌ఫేస్‌లలో సిగ్నల్ మైక్ ప్రీయాంప్‌కి వెళ్తుంది. మధ్య రంధ్రంలో 6.35 మిల్లీమీటర్ల జాక్ పెడితే లైన్ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. కాబట్టి మీకు కావలసింది ఒకవైపు ఫీమేల్ ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకోవైపు టీఆర్ఎస్ జాక్ ఉన్న కేబుల్. టీఆర్ఎస్ జాక్ మీద రెండు గీతలుంటాయి, గిటార్ జాక్ మీద ఒకటే. షాపులో అడిగితే రెండూ ఒకటేనండీ అని అంటగడతారు, గీతలు చూసుకునే తీసుకోండి. 'ఇన్‌స్ట్' (గిటార్ లాంటి వాయిద్యాల కోసం) అని రాసి ఉన్న బటన్ ఉంటే ఆఫ్‌లో ఉంచండి. వెనకవైపు విడిగా లైన్ ఇన్‌పుట్‌లు ఉంటే ఈ తంటా లేదు, నేరుగా అక్కడికే ఇవ్వండి.

కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ మైక్ అయితే, మైక్ కేబుల్ గుండానే వెళ్లే 48 ఓల్టుల ఫాంటమ్ పవర్ ఇకపై ర్యాక్ బాక్సు నుంచి ఇవ్వాలి. ఇంటర్‌ఫేస్‌లో ఫాంటమ్ ఆపేయండి, బాక్సు అవుట్‌పుట్‌లోకి ఎదురు ఓల్టేజీ పంపడం మంచిది కాదు.

కనెక్షన్ కుదిరాక కంప్రెసర్‌ని బైపాస్‌లో పెట్టి ముందు ప్రీయాంప్ గెయిన్ ఒక్కటే సర్దుకోండి. పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే లైను పాడించండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీటర్‌లో పీక్‌లు -10 డీబీ దగ్గర ఆగితే చాలు, మామూలు పాట -18 చుట్టూ తిరుగుతుంది. మీటర్ నిండా కనబడకపోతే రికార్డింగ్ బలహీనంగా వస్తుందని చాలామందికి టెన్షన్. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు ఆ భయం అక్కర్లేదు, తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. సున్నా దాటి పగిలిన పల్లవిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ప్రశ్న: కంప్రెసర్ ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునే చిన్న ప్రోగ్రాములు) ఉచితంగానే దొరుకుతున్నాయి కదా, ర్యాక్ కంప్రెసర్‌తో రికార్డింగ్ దగ్గరే కంప్రెస్ చేయడం అవసరమా? చేస్తే ఎంత చేయాలి? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: కేవలం కంప్రెషన్ కోసమైతే కొనకండి. ఆ డబ్బుతో గదిలో ప్రతిధ్వని తగ్గించుకుంటే ఎక్కువ లాభం. ఇప్పటికే ఉంటే మాత్రం వాడండి, కానీ తక్కువగా. ప్లగిన్‌తో చేసింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నొక్కేసి రికార్డ్ చేసిన గొంతుని మళ్లీ విప్పలేం.

హార్డ్‌వేర్‌కి ఒక సుఖం ఉంది. గాయని హెడ్‌ఫోన్‌లో తన గొంతుని కంప్రెస్ అయిన రూపంలో, ఆలస్యం లేకుండా వినగలదు. అదే గొంతు కంప్యూటర్‌లోని ప్లగిన్ గుండా తిరిగి రావాలంటే బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా వెళ్లేటప్పుడు 2.7 మిల్లీసెకన్లు, వచ్చేటప్పుడు మరో 2.7 పడుతుంది. కన్వర్టర్ల ఆలస్యం దీనికి అదనం. కొందరు గాయకులకు ఈపాటి తేడాకే చిరాకు.

కంప్రెసర్ చేసేది, ఒకరు వాల్యూమ్ నాబ్ మీద చెయ్యి వేసుకుని కూర్చుని, గొంతు పెరిగినప్పుడల్లా చటుక్కున తగ్గించడం లాంటిదే. ఎక్కడి నుంచి తగ్గించాలో చెప్పేది త్రెషోల్డ్, ఎంత తగ్గించాలో చెప్పేది రేషియో. 3:1 పెడితే త్రెషోల్డ్ దాటి 9 డీబీ ఎగసిన గొంతు 3 డీబీ మాత్రమే ఎగసినట్టు బయటికొస్తుంది. మన పాటల్లో పల్లవి మంద్రంగా సాగి, చరణంలో ఒక్కసారి పై షడ్జం అందుకునే చోటు ఉంటుంది చూడండి, దీని ఉపయోగం అక్కడే.

3:1 రేషియోతో మొదలుపెట్టండి. అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 10 నుంచి 20 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 100 దరిదాపుల్లో ఉంచండి. ఇప్పుడు గెయిన్ రిడక్షన్ మీటర్ చూస్తూ త్రెషోల్డ్ తగ్గించుకుంటూ రండి. గట్టి స్వరాల దగ్గర 3, 4 డీబీ తగ్గి, ఊపిరి తీసుకునే సందులో ముల్లు మళ్లీ సున్నాకి చేరాలి. పాటంతా ముల్లు కిందే వేలాడుతుంటే ఎక్కువ నొక్కుతున్నట్టు. ఎత్తు స్వరం వచ్చేసరికి మైక్ నుంచి కాస్త వెనక్కి జరగడం తెలిసిన గాయకులకు ఇందులో సగం చాలు.

అటాక్ మరీ వేగంగా పెడితే మాటకి మొదట్లో వచ్చే ప, ట, క మొద్దుబారతాయి, ఒత్తులు మెత్తబడతాయి. వాయిస్ ఓవర్‌లో ఇది వెంటనే తెలిసిపోతుంది. ఇంకో చిక్కు స, శ, షలతో వస్తుంది. కంప్రెసర్ అచ్చుల బలాన్ని నొక్కేశాక ఈ హల్లులు ముందుకు పొడుచుకొస్తాయి. ఈ హల్లుల్ని తగ్గించే డీఎస్సర్ ముట్టుకునే ముందు మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి తిప్పి వినండి, చాలాసార్లు అదే సరిపోతుంది. ఫ్యాన్ సంగతి కూడా మరవకండి. కంప్రెస్ చేశాక మేకప్ గెయిన్‌తో 6 డీబీ పెంచితే, పాట ఆగిన సందుల్లో ఫ్యాను, ఏసీ చప్పుడు కూడా అదే 6 డీబీ పెరిగి వినిపిస్తాయి.

యూట్యూబ్ పాఠాలు చూసి నాబ్‌లు అచ్చంగా అలాగే పెట్టేవారికి ఒక మాట. 1967లో బిల్ పట్నమ్ తయారుచేసిన 1176 కంప్రెసర్‌లో త్రెషోల్డ్ నాబే లేదు. ఇన్‌పుట్ పెంచితేనే ఎక్కువ నొక్కుతుంది. అటాక్ నాబ్ కుడికి తిప్పితే వేగం పెరుగుతుంది, అత్యంత నెమ్మదిగా పెట్టినా 800 మైక్రోసెకన్లే. నేను చెప్పిన 10 మిల్లీసెకన్లు దాంట్లో వెతికినా దొరకవు. డీబీఎక్స్ 286ఎస్ అనే ప్రీయాంప్, కంప్రెసర్ బాక్సులో త్రెషోల్డ్, రేషియోల బదులు డ్రైవ్, డెన్సిటీ ఉంటాయి. డ్రైవ్ పెంచేకొద్దీ కంప్రెషన్ పెరుగుతుంది, డెన్సిటీ రిలీజ్ వేగాన్ని మారుస్తుంది. ఏ బాక్సయినా నాబ్ మీది అంకెని వదిలేసి గెయిన్ రిడక్షన్ మీటర్‌నీ, మీ చెవినీ నమ్మండి.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే రికార్డింగ్‌లో గుయ్‌మని శబ్దం వస్తోంది. (గుంటూరు పాఠకుడు)

జవాబు: మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉండొచ్చు. ఆడియో సామానుకి ప్యూర్ సైన్ వేవ్ రకమే వాడాలి. మామూలు కరెంటు మీద కూడా సన్నగా హమ్ ఉంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్, అంటే సామాను ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కి కలవడం వల్ల వచ్చే చిక్కు. ర్యాక్, ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ మూడింటినీ ఎర్తింగ్ సరిగా ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి, కేబుళ్లు బ్యాలెన్స్‌డ్ రకం (ఎక్స్‌ఎల్‌ఆర్, టీఆర్ఎస్ లాంటివి) వాడండి. ఎర్త్ పిన్ను విరగ్గొడితే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇనుప పెట్టె మీద చెయ్యి వేసి, మైక్‌కి పెదవులు ఆనించి పాడే మనిషికి అది ప్రాణాపాయం.

ప్రశ్న: మా అన్నయ్య డల్లాస్ నుంచి వస్తూ పాత ర్యాక్ ప్రీయాంప్ తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: కొనకముందే వెనక ప్యానెల్ ఫొటో తీసి పంపమనండి. 100-240 ఓల్టులు అని రాసి ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. 115, 230 అని స్విచ్ ఉంటే దాన్ని 230కి మార్చి, ఫ్యూజు విలువ ఎంత ఉండాలో ప్యానెల్ మీద చూసుకున్నాకే ప్లగ్ పెట్టండి. సాధారణంగా 230 దగ్గర సగం విలువ ఫ్యూజే వేయాలి. ఒట్టి 120 అని మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని ధర, బరువు కలుపుకుని కూడా గిట్టుబాటవుతుందో లేదో అన్నయ్యతో లెక్క వేసుకోండి.