పరీక్షనాళికలో వేసి చూశావా?

చిత్తూరు

అమ్మా,

నీ వ్యాసం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. ‘జీవాణువులు - ఒక పరిచయం’ అని పేరు పెట్టి, పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, కేంద్రకామ్లాలు అని నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికి సరిగ్గా ఒక పేజీ ఇచ్చావు. తప్పులు పెద్దగా లేవు. చేతిరాత ముచ్చటగా ఉంది. కానీ చదివి పక్కన పెట్టాక నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పేపర్లు దిద్దే లెక్చరర్ అయితే పదికి తొమ్మిది వేస్తాడు. నేను పాఠకుణ్ణి, నా దగ్గర మార్కులు ఉండవు.

దానితోపాటు పెట్టిన ఉత్తరం మాత్రం బాగుంది. ఇంటర్ బైపీసీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే భయపడి బట్టీ కొట్టి గట్టెక్కానని, ఇప్పుడు డిగ్రీలో బయోమాలిక్యూల్స్, అంటే ఈ జీవాణువులే, వచ్చేసరికి ఆ అప్పు వడ్డీతో సహా తీర్చాల్సి వస్తోందని, రాస్తేనైనా అర్థమవుతుందేమోనని రాశానని అన్నావు. ఈ అమ్మాయి వ్యాసంలో ఎక్కడికి పోయింది? వ్యాసంలో ఉన్నావిడకు అన్నీ తెలుసు. ‘గ్లూకోజు అణువులు గ్లైకోసైడిక్ బంధాలతో కలుస్తాయి’ అని చెప్పి చక్కా పోయింది. ఒక చక్కెరను ఇంకో చక్కెరకు కట్టే ముడి కదా అది. ఏ కర్బనం ఏ కర్బనంతో? ఎటు తిరిగి? నీకు అర్థం కాని చోటు అదేనని నాకు ఇట్టే తెలిసిపోయింది. అర్థం కాని చోట వాక్యాలు మరీ నున్నగా వస్తాయి. నావీ అంతే.

నా సంగతి చెప్తా విను. తిరుపతిలో చదువు ముగించి రాయడం మొదలుపెట్టిన కొత్తలో పంచదార మీద ఒక వ్యాసం రాశాను. పంచదార అణువులో గ్లూకోజు, ఫ్రక్టోజు జతగా ఉంటాయి కదా. గ్లూకోజు తన ఒకటో కర్బనం, ఫ్రక్టోజు తన రెండో కర్బనం కలిపి మధ్యలో ఒక ఆక్సిజన్‌తో ముడివేసుకుంటాయి. రెండింటికీ చురుకైన కొస అదే. ఆ రెండు కొసలూ ముడిలోనే ఇరుక్కుపోయాయి కాబట్టి, చక్కెర కొస ఖాళీగా ఉంటేనే రంగు మారే నీలి బెనెడిక్ట్ ద్రావణంలో వేసి వేడి చేసినా నీలం నీలంగానే ఉంటుంది. ఇంతవరకు బాగానే రాశాను. అక్కడితో ఊరుకోకుండా, మన జిల్లా వాసన కొంచెం తగలాలని ‘మన చిత్తూరు బెల్లం కూడా అంతే’ అని చివర్లో ఒక ముక్క అతికించాను. అచ్చయింది. వారం తిరక్కుండా ఒక కార్డు వచ్చింది. ఎవరో బడిపంతులు. ఒకటే వాక్యం: ‘అయ్యా, బెల్లాన్ని పరీక్షనాళికలో వేసి చూశారా?’

చూడలేదు. తెలిసిన ల్యాబ్ అసిస్టెంటును బతిమాలి, సాయంత్రం అందరూ వెళ్లాక చిన్న బెల్లం ముక్క నీళ్లలో కరిగించి, బెనెడిక్ట్ ద్రావణం కలిపి, నాళికను మరిగే నీళ్లలో నిలబెట్టాను. నీలం కాస్తా ఆకుపచ్చకు తిరిగింది. తర్వాత పసుపు. చూస్తుండగానే అడుగున ఇటుకరంగు మడ్డి దిగింది. నా ముఖం కూడా అదే రంగుకు వచ్చి ఉంటుంది.

మరుసటి ఆదివారం బెల్లం వండే చోటికి వెళ్లాను. పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతోంది, పక్కన చెరకు పిప్పి పొయ్యిలోకి తోస్తున్నారు. పెనం దగ్గరున్న పెద్దాయన మధ్యలో సున్నపు నీళ్లు పోశాడు. ఎందుకు పెద్దాయనా అని అడిగితే, ‘పోయకపోతే బెల్లం గట్టిపడదు సామీ. నరికిన చెరకు రెండు రోజులు ఎండలో పడున్నా అంతే, జిగటగా సాగుతాది, అచ్చు నిలవదు’ అన్నాడు. చెరకు రసానికి కాస్త పులుపు గుణం ఉంటుంది. ఆ పులుపు, పొయ్యి వేడి కలిస్తే పంచదార అణువు మధ్యలో నీటి అణువు దూరి దాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజు కింద విడగొడుతుంది. చెరకు కోసి ఉంచేస్తే అందులో ఉండే ఎంజైమే ఆ పని మొదలుపెడుతుంది. విడిపోయిన చక్కెరలు తేలిగ్గా గడ్డకట్టవు, తేమను లాగుతాయి. సున్నం ఆ పులుపును విరుస్తుంది. పంతులు గారి కార్డుకు జవాబు ఆ పెనంలోనే ఉంది. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారే అయినా, విడిపోయినవీ ఉంటాయి. వాటి కొసలు ఖాళీ. బెనెడిక్ట్ రంగు మార్చింది అవే.

నీటి అణువు దూరి ముడి విప్పే ఈ పనికి పేరైన జలవిశ్లేషణ అనే మాటను నేను పుస్తకంలో పదిసార్లు చదివి ఉంటాను. అది నాకు వంటబట్టింది మాత్రం ఆ పొయ్యి దగ్గర. పెద్దాయనకు ఆ మాట తెలియదు, కానీ నాకంటే బాగా తెలుసు.

కాబట్టి నీ నాలుగు పేజీల్లో మూడు తీసెయ్. పిండిపదార్థాలు ఉంచు. అందులోనూ ఒక్క ముడి మీదే కూర్చో. మీ ఇంట్లో ఆవు ఉందన్నావు. వరి కోసాక గింజ మనకు, గడ్డి ఆవుకు. గింజలో ఎక్కువగా ఉండేది స్టార్చ్, గడ్డిని నిలబెట్టేది సెల్యులోజ్. విప్పి చూస్తే రెండూ గ్లూకోజే. ఒకే మొక్క, ఒకే ఎండ, ఒకే గ్లూకోజు. ఒకటి అన్నమై మనకు అరుగుతుంది, ఇంకోటి ఎందుకు అరగదు? స్టార్చ్‌లో గ్లూకోజులన్నీ ఒకే వైపు తిరిగి చేతులు పట్టుకుంటాయి, దాంతో గొలుసు మెలి తిరుగుతుంది. అయోడిన్ వేస్తే ఆ మెలికల మధ్యలో దూరే కదా నల్లటి నీలం వచ్చేది. సెల్యులోజ్‌లో ఒకటి విడిచి ఒకటి తలకిందులుగా ఉంటుంది. గొలుసు సాపుగా సాగుతుంది, పక్కపక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో అతుక్కుని మోకులా పేనుకుంటాయి. మొదటి ముడిని కోసే కత్తెర మన లాలాజలంలోనే ఉంది, రెండోదానికి లేదు. ఆవుకూ సొంతంగా లేదు, దాని పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులకు ఉంది. ఇది రాయి. నాలుగు రకాల జీవాణువుల పట్టిక కంటే దీనికే ఎక్కువమంది ఆగుతారు.

రాసేముందు బొమ్మ గీయి. పుస్తకం మూసి, పెన్సిల్‌తో గ్లూకోజు వలయం గీసి, ఒకటో కర్బనం మీది ఓహెచ్ కిందికి ఉంటే ఆల్ఫా (స్టార్చ్‌లోది), పైకి ఉంటే బీటా (సెల్యులోజ్‌లోది) అని చేత్తో పెట్టు. పది రోజులు గీస్తే చెయ్యి నేర్చుకుంటుంది. ఇంకో పని కూడా చెయ్. రాత్రి శనగలు నానబెట్టి పొద్దున అగ్గిపుల్లలు గుచ్చి కర్బనం తయారుచెయ్. కాగితం మీద కర్బనం కూడిక గుర్తులా ఉంటుంది, అది కాగితం చేసే మోసం. చేతిలో చూస్తే మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోది పైకెత్తుకుని ఉంటుంది, కాలికీ కాలికీ మధ్య 109.5 డిగ్రీలు. నాలుగు కొసలకు నాలుగు రకాల గింజలు గుచ్చి, దాని అద్దపు ప్రతిబింబాన్ని ఇంకోటి చెయ్. ఎంత తిప్పినా ఒకదానిమీద ఒకటి కూర్చోదు. మాంసకృత్తులకు ఇటుకల్లాంటి ఎమినో ఆమ్లాల్లో ఎల్-ఎమినో ఆమ్లాలు, డి-ఎమినో ఆమ్లాలు అని లెక్చరర్ చెప్పేది ఇదే. హాస్టల్లో నవ్వుతారు. నవ్వనీ, తర్వాత శనగలు ఉడకబెట్టి వాళ్లకే పెట్టు. అగ్గిపుల్లల మందు వైపు మాత్రం ముందే విరిచెయ్యి.

మాటల దగ్గర జాగ్రత్త. నువ్వు ఒక పేరాలో అణువు అన్నదాన్నే ఇంకో పేరాలో పరమాణువు అన్నావు. నీ తప్పు కాదులే, లోకమే అలా ఉంది. పాఠ్యపుస్తకంలో మాలిక్యూల్ అణువు, ఆటమ్ పరమాణువు. పేపర్లో మాత్రం ఆటమ్ బాంబు అణుబాంబు. ఏది వాడినా వ్యాసం పొడుగునా ఒకటే వాడు. ‘ప్రమేయ సమూహం’ లాంటిది వస్తే పక్కనే ఫంక్షనల్ గ్రూప్ అని రాయడానికి సిగ్గుపడకు. కర్బనం అన్నా కార్బన్ అన్నా నాకు సమ్మతమే. హైడ్రోజన్‌ను ఉదజని అంటే మాత్రం ఇప్పటి పిల్లలు ఆగిపోతారు.

ఆర్గానిక్ అనే మాటతోనే ఒక వ్యాసం రాయొచ్చు, నేను ఎప్పటికప్పుడు వాయిదా వేస్తున్నాను, నువ్వు రాసుకో. 1828లో వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అమోనియం సయనేట్‌ను వేడిచేస్తే యూరియా వచ్చింది. ప్రాణి ఒంట్లో తప్ప తయారు కాదనుకున్న పదార్థం గాజు పాత్రలో తయారైంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠం ఆ యూరియాతో మొదలవుతుంది. మన ఊళ్లో ఆర్గానిక్ సేద్యం మొదలయ్యేది అదే యూరియా బస్తాను పొలం గట్టు దాటనివ్వకపోవడంతో. ఆ రెండు ఆర్గానిక్‌ల మధ్య ఇరుక్కున్న రైతును పెట్టి రాస్తే ఎంత బాగుంటుందో చూడు.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి నువ్వు రాసిన పేరా నాకు నచ్చలేదు. 1895లో భీమవరంలో పుట్టారు, తెలుగువారికి గర్వకారణం అని రెండు వాక్యాలు. ఆయన మీద వచ్చే వ్యాసాల్లో సగం ఇంతే, గర్వం ఎక్కువ, కెమిస్ట్రీ తక్కువ. మీ ల్యాబులో ఫాస్ఫరస్ లెక్కగట్టే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఉంటుంది, ఆయన ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి చేసినది, 1925 నాటిది. మాలిబ్డేట్ అనే లవణం కలిపితే ఫాస్ఫేట్ దానితో కూడుతుంది, దాన్ని క్షయకరణం (రిడక్షన్) చేస్తే నీలం వస్తుంది, నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలం వెంటనే పూర్తిగా రాకుండా, నెమ్మదిగా ముదురుతూ పోయింది. ఎందుకని వాళ్లిద్దరూ ఆగారు. ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉన్న ఏదో పదార్థం అక్కడే మెల్లగా విరిగి దాన్ని వదులుతోందన్నమాట. అలా దొరికిందే కండరానికి అప్పటికప్పుడు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్. నువ్వు ప్రాక్టికల్స్‌లో ఆ నీలం చూసే రోజున రాయి ఆయన గురించి, భీమవరం సంగతి దానంతటదే సర్దుకుంటుంది.

కొవ్వులు, కేంద్రకామ్లాలు ఇప్పుడు వద్దు. డీఎన్ఏ మీద రాయాలని చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. డీఎన్ఏలో ఉండే ఐదు కర్బనాల పెంటోజు చక్కెర బొమ్మ చూడకుండా గీయగలిగాక చూద్దాం.

మార్చి రాసింది పంపు, రెండు పేజీలు చాలు. సంక్రాంతి దాటాక ఒక ఆదివారం తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కి వచ్చెయ్, పెనం దగ్గరకు తీసుకెళ్తాను. ఆ పెద్దాయన లేడు, కొడుకు వండుతున్నాడు. వచ్చేటప్పుడు మీ మేడమ్‌ని అడిగి చిన్న సీసాలో బెనెడిక్ట్ ద్రావణం, రెండు నాళికలు తెచ్చుకో. సున్నం వేయకముందు రసం ఒకదాంట్లో, పాకం దించే ముందు ఒకదాంట్లో వేసి చూద్దాం. రెండో నాళిక ఏ రంగుకొస్తుందో నేనూ ఇంతవరకు చూడలేదు.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు