కుక్కపిల్లకు నేర్పేటప్పుడు బిస్కెట్ బదులు ఏం పెట్టాలి?

ప్రశ్న: మాది మొయినాబాద్ మండలం సార్. రెండెకరాల్లో కూరగాయలు వేస్తాం. ఇరవై గొర్రెలు, కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి. తోట కాపలాకు ఒక నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. మూడు నెలల వయసు, ఐదు కిలోల దాకా ఉంటుంది. మొదటి టీకా వేయించాం. పిలిస్తే రావడం, కోళ్ల వెంట పడకుండా ఉండటం నేర్పుతున్నాం. మాట విన్నప్పుడల్లా గ్లూకోజ్ బిస్కెట్ పెడుతున్నాం. ఇప్పుడు పాలన్నం ముట్టడం లేదు, బిస్కెట్ కోసమే చూస్తోంది. నాలుగు రోజులుగా విరేచనం పల్చగా అవుతోంది. మా అబ్బాయి మెహదీపట్నంలో పెట్ షాపు నుంచి ట్రీట్ల ప్యాకెట్ తెచ్చాడు, చాలా ఖరీదు. గొర్రెను కోసినప్పుడు మిగిలే పేగులు, ఊపిరితిత్తులు పెట్టొచ్చా? మా అమ్మ సోమ, శనివారాలు ఇంట్లో నీచు వండనివ్వదు. ఆ రోజుల్లో ఏం పెట్టాలి?
– ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: ముందు విరేచనాల సంగతి చూడండి. మూడు నెలల పిల్లకు నాలుగు రోజులు పల్చగా అవుతోందంటే ఇక ఆగొద్దు. రేపే దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. దాని విరేచనం కొంచెం నమూనాగా చిన్న డబ్బాలో పట్టుకెళ్తే నులిపురుగులు ఉన్నాయో లేదో చూస్తారు. వాంతులు, విరేచనంలో రక్తం, మగతగా పడుకోవడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా కూడా ఆగకండి. పార్వో వైరస్ ఈ వయసు పిల్లలను రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోతుంది. మొదటి టీకా ఒక్కటే వేశామని ధీమాగా ఉండలేం. పదహారు వారాల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాల్సిందే. మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్ టీకా గురించి కూడా ఇప్పుడే అడగండి. అయితే విరేచనాలు తగ్గాకే టీకా.

జబ్బు ఏమీ లేదని తేలితే మాత్రం అనుమానం బిస్కెట్లు, పాల మీదికే పోతుంది. తల్లి పాలు మానిన తర్వాత కుక్కల్లో పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. చాలా పిల్లలకు గేదె పాలు పడవు. పెరుగు అంత ఇబ్బంది పెట్టదు. పైగా పాలన్నం మీద మాత్రమే పెరిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు. అన్నంలో గుడ్డో, ఉడికించిన చికెనో కలపండి. అది పాలన్నం వద్దనడంలో మొండితనం కొంత ఉండొచ్చు కానీ, ఆ తిండి దానికి సరిపోవడం లేదన్నది కూడా నిజం.

ఇక బిస్కెట్ల లెక్క చెప్తాను. ఐదు కిలోలున్న మూడు నెలల పిల్లకు రోజుకు సుమారు 700 కేలరీలు కావాలి. నేర్పేటప్పుడు పెట్టే చిరుతిండి అందులో పదో వంతు, అంటే 70 కేలరీలు దాటకూడదు. గ్లూకోజ్ బిస్కెట్లు వంద గ్రాములకు 450 కేలరీల దాకా ఇస్తాయి, అందులో దాదాపు నాలుగో వంతు చక్కెర. అంటే 15 గ్రాములకే, రెండు మూడు బిస్కెట్లకే, ఆ రోజు వాటా అయిపోయింది. అరపూటలో 50 గ్రాములు తినేసిందనుకోండి, రోజు తిండిలో మూడో వంతు చక్కెర, మైదాతోనే నిండిపోయినట్టు. ఆ కడుపుకు అన్నం ఎందుకు గుర్తొస్తుంది?

బిస్కెట్ ఈరోజే మానేయండి. కొసరుగా ఒకటి కూడా వద్దు. తిండి రోజుకు నాలుగు పూటలు, వేళకు పెట్టండి. పదిహేను నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేసి మళ్లీ వేళకు పెట్టండి. సాధారణంగా ఒకటి రెండు పూటల్లో దారికి వస్తుంది. రెండు పూటలు వరుసగా తినకుండా డల్‌గా ఉంటే అది అలక కాదు, ఒంట్లో బాగాలేకపోవడం. అప్పుడు డాక్టరుకు చూపించాలి.

నేర్పేటప్పుడు పెట్టే ముక్కను కూలి డబ్బుగా అనుకోండి. పని అయిన వెంటనే చేతికి అందాలి, తీసుకునేవాళ్లకు నచ్చాలి, ఇచ్చేవాళ్లకు భారం కాకూడదు. అందుకని ముక్క శనగగింజంత ఉంటే చాలు. కుక్క ముక్క పెద్దదా చిన్నదా అని చూడదు, వాసన చూస్తుంది, ఎన్నిసార్లు దొరికిందో చూస్తుంది. నమలాల్సిన పని లేకుండా రెండు క్షణాల్లో మింగేసి మళ్లీ మీ మొహం వైపు చూసేలా మెత్తగా ఉండాలి. బిస్కెట్‌తో ఇంకో చిక్కు అదే. కొరుకుతుంది, పొడి కింద రాలుతుంది, ఆ పొడి వెతుక్కుంటూ మీరు నేర్పింది మర్చిపోతుంది.

నా సలహా అడిగితే అన్నిటికంటే మొదటిది ఉడికించిన బోన్‌లెస్ చికెన్. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ఏవీ వేయకుండా ఉత్త నీళ్లలో ఉడికించాలి. మన వంటింట్లో చెయ్యి అలవాటుగా అల్లం వెల్లుల్లి డబ్బా వైపు పోతుంది కాబట్టి ఈ మాట నొక్కి చెప్తున్నాను. 70 కేలరీలంటే 40 గ్రాముల చికెన్. శనగగింజంత ముక్క సుమారు అర గ్రాము ఉంటుంది. అంటే రోజుకు ఎనభై సార్లు మెచ్చుకోవడానికి సరిపోతుంది. మీకు అందులో సగం కూడా అవసరం రాదు. ఉడికించింది ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. వారానికి సరిపడా చేసుకుంటే చిన్న పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మే నెల ఎండల్లో జేబులో వేసుకుని తోటంతా తిరిగితే గంటలోనే పాడవుతుంది, ఆ పూటకు కావలసినన్ని ముక్కలే చిన్న డబ్బాలో తీసుకెళ్లండి.

చికెన్ షాపులో కందనకాయలు, కార్జం చవకగా దొరుకుతాయి. కార్జం వాసనకు రాని కుక్కపిల్లను నేను చూడలేదు. పూర్తిగా ఉడికించి, సన్నగా తరిగి, పెనం మీద సన్న సెగన తడి ఆరేదాకా ఉంచితే చేతికి అంటుకోదు. కార్జంలో విటమిన్ 'ఎ' చాలా ఎక్కువ కాబట్టి వారంలో రెండు మూడు రోజులే, అదీ కొద్ది ముక్కలే పెట్టండి. దీన్ని ఇంట్లో కూర్చోబెట్టడం లాంటి తేలిక పనులకు ఖర్చు చేయొద్దు. కోళ్ల దగ్గర నేర్పడానికి దాచుకోండి. తేలిక పనులకు ఉడికిన గుడ్డు తెల్లసొన ముక్కలు, లేదా దాని తిండిలోంచే తీసిన నాలుగు మెతుకుల ముద్ద చాలు.

అమ్మగారు నీచు వద్దన్న రోజుల్లో పనీర్ బాగా పనికొస్తుంది. అందులో కొవ్వు ఎక్కువ కాబట్టి రోజుకు 25 గ్రాములు మించొద్దు. పాలు పడని పిల్లలకు కూడా పనీర్ చాలావరకు పడుతుంది, అయినా మొదటి రోజు నాలుగు ముక్కలతో ఆపి మరునాడు విరేచనం చూసి పెంచండి. ఉడికించిన చిలగడదుంప, తీపి గుమ్మడికాయ ముక్కలు, సన్నగా తరిగి ఉడికించిన క్యారెట్ పెట్టొచ్చు. మీ ఇంట్లో జొన్నరొట్టె చేస్తే చిన్న తునకలు పెరుగులో ముంచి ఇవ్వండి, ఇష్టంగా తింటుంది. పల్లీలు ఉప్పు లేకుండా ఉడికించి పొట్టు తీసి రెండు మూడు పెడితే ఫర్వాలేదు కానీ, బూజు వాసన ఉన్న పల్లీలు, మక్కలు కుక్క దరిదాపుల్లోకి రానివ్వకండి. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కుక్కలు దాన్ని అసలు తట్టుకోలేవు. మనకు పనికిరానివి కుక్కకు వేద్దామనే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఈ ఒక్క విషయంలో అది మానాలి. కొత్తది ఏదైనా ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజుల తేడాతో మొదలుపెట్టండి. విరేచనాలు పూర్తిగా కట్టేదాకా అయితే ఉడికిన చికెన్ తప్ప కొత్తవేవీ వద్దు.

ఇప్పుడు గొర్రె పేగులు, ఊపిరితిత్తుల ప్రశ్న. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది ఇదే. పచ్చివి ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తిత్తులు ఎప్పుడైనా చూసే ఉంటారు. వాటిని హైడాటిడ్ తిత్తులంటారు. అవి ఉన్న పచ్చి ముక్క కుక్క తింటే దాని పేగుల్లో బద్దెపురుగులు తయారవుతాయి. ఒక్కో పురుగు కొన్ని మిల్లీమీటర్ల పొడవే ఉంటుంది, కాబట్టి విరేచనంలో మీకు కనిపించదు. కుక్క చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది. దాని విరేచనంతో బయటపడ్డ గుడ్లు గడ్డి మీద, కూరగాయల మీద, కుక్క బొచ్చు మీద ఉంటాయి. గడ్డి ద్వారా మళ్లీ గొర్రెలకు, కుక్కను నిమిరి చేతులు కడుక్కోని పిల్లలకు చేరతాయి. మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఇవే తిత్తులు ఏళ్ల తరబడి పెరిగి ఆపరేషన్ దాకా తెస్తాయి. గొర్రె తలకాయ పచ్చిది వేస్తే ఇంకో ప్రమాదం. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతూ చనిపోవడం మీ వైపు చూసి ఉంటారు. మెదడులో పెరిగిన తిత్తి వల్ల వచ్చే ఆ జబ్బు కూడా కుక్క కడుపులోని బద్దెపురుగు నుంచే మొదలవుతుంది. అంటే మీరు ముద్దుగా వేసిన ముక్క తిరిగి మీ మంద మీదికే వస్తుంది.

తిత్తులున్న భాగాలను లోతుగా పాతిపెట్టండి, లేదా కాల్చేయండి. ఉడికించి కూడా పెట్టొద్దని నా మాట. తిత్తులు లేని శుభ్రమైన మాంసం ముక్కలైతే అరగంటకు పైగా ఉడికించి పెట్టొచ్చు. ఎముకలు మాత్రం వద్దు, ఉడికిన ఎముక చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. గొర్రెల దగ్గర తిరిగే కుక్కకు మామూలు నులిపురుగుల మందుతో పాటు బద్దెపురుగులకు పనిచేసే ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కూడా ఇవ్వాలి. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఇంట్లో గొర్రెలున్నాయని తప్పకుండా చెప్పండి. దాన్ని బట్టి ఎన్నాళ్లకోసారి ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో బరువు చూసి రాస్తారు.

అస్సలు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పలేం, కొన్ని కుక్కలకు కొద్ది పండ్లే చాలు. ద్రాక్ష సీజన్‌లో పిల్లలు చేతిలో ద్రాక్షతోనే కుక్కతో ఆడుతుంటారు. తిన్నదని తెలిస్తే వాంతులు మొదలవుతాయేమో చూద్దామని కూర్చోకుండా వెంటనే తీసుకెళ్లాలి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను చిట్లిస్తాయి. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లిగడ్డ చాలు దెబ్బతీయడానికి, అంటే మీ పిల్లకు ఒక్క మధ్యరకం గడ్డ. వండినా ఆ విషం పోదు. అందుకే మిగిలిన బిర్యానీ, కూర ముక్కలు కడిగి పెట్టినా వద్దు. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్ కూడా పిల్లల చేతుల్లోంచే కుక్కకు చేరతాయి, జాగ్రత్త.

షాపు ప్యాకెట్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెచ్చారు కాబట్టి పారేయకండి. మెత్తటివైతే గోరంత ముక్కలు చేసి వాడేయండి. తోలుతో చేసిన నమిలే కర్రలైతే నేర్పడానికి పనికిరావు, పిల్ల పెద్ద ముక్క మింగితే గొంతుకు అడ్డం పడతాయి. మళ్లీ మళ్లీ కొనాల్సిన అవసరం లేదు. ఆ డబ్బుతో టీకాలు, నులిపురుగుల మందు వస్తాయి.

ఇక కోళ్ల విషయం. తిండికి ముందు, కొంచెం ఆకలిగా ఉన్నప్పుడు, పొద్దున ఎండ ముదరకముందు మూడు నాలుగు నిమిషాలు చేయండి. పిల్ల మెడపట్టీకి మూడు నాలుగు మీటర్ల తాడు కట్టి, కోళ్లు కనిపించేంత దూరంలో నిలబడండి. కోళ్లను చూసి చెవులు నిక్కబొడిచినా, మీరు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పగలిగేంత దూరం కావాలి. తల తిప్పిన ఆ క్షణానే 'శభాష్' అనండి, ఒకటి రెండు సెకన్లలో కార్జం ముక్క నోట్లో ఉండాలి. ఆలస్యమైతే అది ఏం చేసినందుకు దొరికిందో పిల్లకు అర్థం కాదు. ముక్కను ముందే ఎత్తి చూపించి పిలవకండి, అలా అలవాటైతే చేతిలో ముక్క కనిపించిన రోజే వస్తుంది. తాడు లాగేస్తూ మొరుగుతుంటే తిట్టకుండా ఇంకో పది అడుగులు వెనక్కి వెళ్లండి. రోజూ సులువుగా తల తిప్పుతోందంటే రెండడుగులు దగ్గరికి జరగండి. బాగా కుదిరాక ప్రతిసారీ ముక్క ఇవ్వకుండా, ఒకసారి ముక్క, ఇంకోసారి వీపు నిమరడం చేయండి. వచ్చినప్పుడు మాత్రం ఎంత ఆలస్యంగా వచ్చినా కొట్టొద్దు.

ముక్కను ఎప్పుడూ చేతిలోంచే ఇవ్వండి, నేల మీదికి విసరకండి. కూరగాయల తోటలో ఎలుకల మందు నూకల్లో నూనె కలిపి పెడతారు. నేల మీద కమ్మటి వాసనొస్తే తినొచ్చని నేర్చుకున్న కుక్క దాన్ని వదలదు. మీ తోటలోనే కాదు, పక్క పొలంలో పెట్టారేమో కూడా కనుక్కోండి. పిల్లలు ఇచ్చేటప్పుడు వేళ్లతో పట్టుకోకుండా అరచేతిలో పెట్టి చాపమనండి. పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. పంటి గాటు పడి రక్తం వస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన పిల్లే కదా అని ఊరుకోవద్దు, దానికి రేబిస్ టీకా ఇంకా పడలేదు.