వంపులు సరిచేయడం గురించి మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

కంప్యూటర్‌లో గీస్తున్న ఆకు బొమ్మలో ఒకచోట అంచు సరిచేస్తే పక్కన మరోచోట ఉబ్బుతోందనీ, విసుగెత్తి ఫైలునే తీసేశాననీ రాశావు. లోపం నీ చేతిలో లేదు. తెరమీది వంపు చేత్తో గీసిన గీత కాదు. రెండు యాంకర్ పాయింట్లు (గీత ముక్క మొదలయ్యే, ముగిసే చుక్కలు), వాటి నుంచి సాగే రెండు హ్యాండిళ్ల (వంపును లాగే పుల్లల్లాంటి గీతల) కొసలు, ఈ నాలుగింటినీ బట్టి లెక్కకట్టి వేసిన గీత. ఈ లెక్క కారు బాడీల రూపకల్పన కోసం పుట్టింది: 1959లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, 1960లలో రెనోలో పియేర్ బెజియే దీనిని విడివిడిగా రూపొందించారు. వంపు యాంకర్ పాయింట్ల గుండా పోతుంది గాని సాధారణంగా హ్యాండిల్ కొసను తాకదు, దానివైపు మొగ్గుతుందంతే. ఒక హ్యాండిల్‌ను కదిపితే ఆ ముక్క మొత్తం మారుతుంది. పైగా ఆ పాయింట్ స్మూత్ రకమైతే (అంటే దాని రెండు హ్యాండిళ్లూ ఒకే వరుసలో కట్టుబడి ఉంటే) అవతలి హ్యాండిల్ కూడా తిరిగి పక్క ముక్కనూ మార్చేస్తుంది. నీ ఆకు ఉబ్బడానికి కారణం ఇదే.

కాబట్టి ఆకు కొన దగ్గర స్మూత్ పాయింట్ ఉంచవద్దు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ఆ నోడ్‌ను (పాయింట్‌కు అక్కడి పేరు) ఎంచుకుని షిఫ్ట్, సి కలిపి నొక్కితే రెండు హ్యాండిళ్లూ విడివడతాయి. అలాంటిదే అయిన ఇలస్ట్రేటర్‌లో, గీతలు గీసే పెన్ టూల్ చేతిలో ఉండగా ఆల్ట్ పట్టుకుని హ్యాండిల్‌ను లాగాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, పాయింట్లు తగ్గించు. వంపు కుదరని ప్రతిచోటా కొత్త పాయింట్ పెట్టడం చాలామందికి అలవాటు, దానితో ఎత్తుపల్లాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. వృత్తాన్నే చూడు: నాలుగు పాయింట్లు, వ్యాసార్ధంలో 0.5523 వంతు పొడవున్న హ్యాండిళ్లు చాలు. అది గణితం ప్రకారం అచ్చమైన వృత్తం కాదు, అయినా 1,000 పిక్సెళ్ల వ్యాసార్ధానికి తేడా పిక్సెల్‌లో మూడో వంతైనా ఉండదు. నాలుగింటితో వృత్తమే వచ్చినప్పుడు ఆకుకు ఇరవై ఎందుకు? అక్షరాల ఫాంట్లు గీసేవారు పాటించే పద్ధతి నీకూ పనికివస్తుంది: వంపు పూర్తిగా పైకి, కిందికి, ఎడమకు, కుడికి చేరే చోట్ల పాయింట్ పెట్టి, షిఫ్ట్ పట్టుకుని హ్యాండిల్‌ను నిలువుగానో అడ్డంగానో లాగుతారు. అప్పుడు మార్చవలసింది హ్యాండిల్ పొడవు ఒక్కటే, దిశ గురించి ఆలోచించే పని ఉండదు.

పాయింట్ తీసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఇలస్ట్రేటర్‌లో దానిని ఎంచి డిలీట్ కీ నొక్కితే ఇరుపక్కల గీతలు కూడా పోయి ఆకారం తెరుచుకుంటుంది, లోపలి రంగు వింతగా కనిపిస్తుంది. పాత్‌ను (మొత్తం గీతను) ఎంచుకుని, పెన్ టూల్‌ను ఆ పాయింట్ మీదికి తెచ్చి, మైనస్ గుర్తు కనబడ్డాక క్లిక్ చెయ్యి.

ఫొటో నుంచి ఆటోమేటిక్‌గా ట్రేస్ చేసిన బొమ్మల్లో పాయింట్లు వందల్లో ఉంటాయి. వాటికి సింప్లిఫై అనే ఆదేశం వాడమంటారు గాని, నాకు దానిమీద పెద్దగా నమ్మకం లేదు. పాయింట్లను తగ్గిస్తూనే ఉండవలసిన మూలలను కూడా గుండ్రం చేసేస్తుంది. ట్రేస్‌ను కింది లేయర్‌లో లాక్ చేసి, పైన కొత్తగా గీసుకోవడమే తొందరగా తెములుతుంది.

ఆకును మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొనకు, తొడిమకు చెరొక మూల పాయింట్ (హ్యాండిళ్లు విడివడిన పాయింట్) మాత్రమే పెట్టి, నాలుగు హ్యాండిళ్లతోనే అంచు ఎంతవరకు వస్తుందో చూడు. అప్పటికీ కుదరకపోతే ఫైలు తీసేయకుండా నాకు పంపించు.

మీ మామయ్య