ఒళ్ళూ మనసూ రెండూ సున్నితమైనవాడికి

చిరంజీవి చిన్నాకు,

మేనత్త ఆశీర్వదించి రాయునది. నువ్వడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. మేనేజరు నలుగురిలో ఒక మాటంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయన్నది ఒకటి. కాలరు లేబులు గుచ్చుకున్నా, బెంగళూరు పీజీలో పక్క మంచం వాడి ఫోను మోగినా ప్రాణం మీదికి వస్తోందన్నది రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివనుకోకు. పొద్దుటి నుంచి ఒంటికి తగిలిన చిరాకులన్నీ పోగై సాయంత్రం ఎవరో అన్న చిన్నమాట దగ్గర బయటపడతాయి. పాలు పొంగేది ఒక్క క్షణంలోనే అయినా, పొయ్యి వెలిగించి చాలాసేపయి ఉంటుంది కదా. అందుకని ముందు ఒంటి సంగతి చూసుకో, తరవాత మనసు సంగతి. రాత్రి ఐదు గంటలు పడుకుంటూ పగలు మనసు గట్టి చేసుకుంటానంటే కుదరదు.

మగాడివై ఉండి ఏడుపేమిట్రా అని మీ నాన్న అంటాడు. వాడు నా తమ్ముడు కాబట్టి చెబుతున్నాను, ఈ విషయంలో వాడి మాట పట్టించుకోకు. ఎలైన్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆమె భర్త ఆర్థర్ ఆరన్ 1997లో ఈ అతి సున్నిత స్వభావం మీద పరిశోధనా పత్రం రాశారు, 27 ప్రశ్నల కొలమానం కూడా తయారుచేశారు. వాళ్ళ లెక్కలో ఇది పుట్టుకతో వచ్చే తీరు. జబ్బు కాదు. మగవాళ్ళలోనూ ఉంటుంది.

అయితే ఒక్క మాట. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉంటే స్వభావం. ఈ ఏడాదే కొత్తగా మొదలైతే ముందు రక్తపరీక్ష చేయించు: థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, విటమిన్ బీ12, హిమోగ్లోబిన్. థైరాయిడ్ అతిగా పనిచేస్తే గుండెదడ, చెమటలు, చిరాకు, వేడి తట్టుకోలేకపోవడం అన్నీ కలిసొస్తాయి. మాంసం, గుడ్లు ముట్టనివాళ్ళకు బీ12 తగ్గడం మామూలే. వెలుగు, చప్పుడు పడకపోవడంతో పాటు తలలో ఒకపక్క పోటు, వికారం ఉంటే అది మైగ్రేన్ కావచ్చు, దానికి మందులున్నాయి.

ఇప్పుడు చప్పుడు. మందుల షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు దొరుకుతాయి. చాలామంది వాటిని ఊరికే చెవిలో కుక్కి, పనిచేయట్లేదని పారేస్తారు. చేతులు కడుక్కుని, ప్లగ్గును రెండు వేళ్ళ మధ్య సన్నటి పుల్లలా మడతలు పడకుండా దొర్లించు. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగు. అప్పుడు చెవి రంధ్రం తిన్నగా అవుతుంది. ప్లగ్గు లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి ఉంచు. సరిగ్గా కూర్చుంటే నీ గొంతు నీకే తలలోపల మోగినట్టు వినిపిస్తుంది. తీసేటప్పుడు మెల్లగా తిప్పుతూ తియ్యి, ఒక్కసారిగా లాగితే కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది. మురికి పట్టినవీ, ఉబ్బడం మానేసినవీ పారెయ్యి. చెవిలో నొప్పి గానీ చీము గానీ ఉంటే అసలు పెట్టుకోకు.

వీటిని రోజంతా మాత్రం పెట్టుకోకు. ఎప్పుడూ నిశ్శబ్దంలోనే ఉంచితే మెదడు చిన్న చప్పుళ్ళను కూడా పెద్దవి చేసుకుని వినడం మొదలుపెడుతుంది, కొన్నాళ్ళకు చెంచా చప్పుడు కూడా పడదు. సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఇరుక్కున్నప్పుడు, మెజెస్టిక్‌లో మెట్రో మారేటప్పుడు పెట్టుకో. దాటాక తీసెయ్యి. ఆఫీసులో వాడే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు ఏసీ హోరును, ఇంజను రొదను బాగా తగ్గిస్తాయి కానీ మనుషుల మాటలను అంతగా ఆపలేవు. డబ్బు పెట్టేముందు ఆ తేడా తెలుసుకో. రాత్రికైతే ఫ్యాను హోరే మంచిది. నిద్ర చెడగొట్టేది ఉన్నట్టుండి వచ్చే చప్పుడు, ఒకేలా సాగే చప్పుడు దాన్ని కప్పేస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు పెట్టకూడదు. దాటితే ముందు మీ పీజీ ఓనరు చేత చెప్పించు, వినకపోతే 112.

వెలుతురు సంగతి తేలిక. గదిలో 6500 కెల్విన్ తెల్ల బల్బు తీసేసి 2700 లేదా 3000 కెల్విన్ పసుపు బల్బు పెట్టు.

బట్టల దగ్గర కొంచెం ఓపిక కావాలి. కాలరు లేబులును కత్తెరతో కత్తిరిస్తే మిగిలిన మొదలు బిరుసుగా నిలిచి ఇంకా ఎక్కువ గుచ్చుతుంది. టైలర్లు కుట్లు విప్పడానికి వాడే చిన్న పనిముట్టుతో లేబులు కుట్టును ఒక్కొక్కటే తెంపి పూర్తిగా ఊడదియ్యి. కొత్త చొక్కాను గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికాకే తొడుగు. సాక్సులు తిరగేసి వేసుకుంటే వేళ్ళ దగ్గర కుట్టు తగలదు, బూటులో ఎవరు చూస్తారు? బొడ్డు కింద జీన్సు గుండీ తగిలేచోట దద్దుర్లు వస్తుంటే అది ఈ సున్నితత్వం కాదు, గుండీలోని నికెల్ లోహం పడక వచ్చే అలర్జీ కావచ్చు. బనీను లోపలికి దోపి, గుండీ వెనక గుడ్డముక్క కుట్టించు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే సబ్బు పొడి సరిగా వదలదు. పొడి సగానికి తగ్గించి ఒకసారి ఎక్కువ జాడించు. మరిగే నీళ్ళు పోసుకోకు, గోరువెచ్చటివి చాలు. ఒళ్ళు తడి ఆరకముందే వాసన లేని క్రీము రాసుకో. సర్జాపూర్ వైపు ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ మొక్క విపరీతంగా పెరుగుతుంది. మొహం, మెడ, మోచేతి మడతల్లో దురద వస్తుంటే ఆ దారిన నడవడం మాని, చర్మం డాక్టరు చేత ప్యాచ్ టెస్టు (ఒంటికి ఏది పడదో చర్మం మీద అంటించి చూసే పరీక్ష) చేయించుకో.

కాఫీ మధ్యాహ్నం లోపే, రెండు కప్పులు దాటకుండా. తాగిన కెఫీన్‌లో సగం వదలడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగినదాంట్లో సగం రాత్రి పదింటికి ఒంట్లోనే ఉంటుంది. టిఫిను మానకు. నిద్ర చాలని మర్నాడు, కడుపు ఖాళీగా ఉన్న పూట మామూలు మాట కూడా తిట్టులా వినిపిస్తుంది.

ఇక మనసు సంగతి. రివ్యూ మీటింగు ఉంటే చెప్పదలచుకున్నవి ముందే రాసి పంపమని మేనేజరును అడుగు. తప్పేం కాదు, చాలామంది ఒప్పుకుంటారు. లోపలికి పెన్నూ కాగితం, చల్లటి నీళ్ళ సీసా పట్టుకెళ్ళు. అవతలి మనిషి అన్న మాటను అన్నట్టుగానే రాసుకో, చెయ్యి కదులుతుంటే గొంతు కాస్త తేలికవుతుంది. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. ఊపిరి బిగబట్టి ఏడుపు ఆపాలని చూస్తే ఇంకా తన్నుకొస్తుంది. నీళ్ళు తిరిగితే ఒక గుటక తాగి, “రెండు నిమిషాల్లో వస్తాను” అని లేచి వెళ్ళు. జలుబు చేసిందని అబద్ధం చెప్పక్కర్లేదు. జవాబు కావాలంటే “రాసుకున్నాను, రేపు పొద్దున చెబుతాను” అను.

ఇంటికొచ్చాక కాగితం మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు అతనన్న మాట: “ఇది శుక్రవారానికే కావాలన్నాను కదా.” కుడివైపు నీకు తోచింది: “నేను పనికిరానని తేల్చేశాడు.” చాలాసార్లు నిన్ను బాధపెట్టింది కుడివైపుదే. దాన్ని రుజువు చేసేది ఎడమవైపు ఏమైనా ఉందా చూడు. ఉంటే అది సరిదిద్దుకోవాల్సిన పని. అంతేగానీ “అలా ఎందుకన్నాడంటావు” అని ఐదుగురికి ఫోన్లు చెయ్యకు. చెప్పిన ప్రతిసారీ గాయం మళ్ళీ రేగుతుంది. ఒక్కరికి, ఒక్కసారి చాలు.

టీమ్ లంచ్ పూర్తిగా ఎగ్గొట్టడం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. అది మానుకో. చిరాకు పతాకస్థాయిలో ఉన్నప్పుడు పారిపోతే, పారిపోతేనే బతుకుతామని ఒళ్ళు నేర్చుకుంటుంది. గోడకు ఆనుకున్న కుర్చీ చూసుకుని మొదటిసారి ఇరవై నిమిషాలే కూర్చో. మరీ ఎక్కువైతే రెండు నిమిషాలు బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రా, కాస్త తగ్గాక సెలవు తీసుకో. తరవాతి వారం అరగంట. మర్నాడు ఆదివారమైతే కుందలహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కి కబ్బన్ పార్కు స్టేషన్లో దిగు, ఎక్కడా మారక్కర్లేదు. లాల్‌బాగ్ కూడా మంచిదే కానీ మెజెస్టిక్‌లో మారాలి. జనవరి, ఆగస్టు ఫ్లవర్ షోల రోజుల్లో అటు వెళ్ళనే వద్దు.

దిగులు రెండు వారాలు దాటినా, ఆఫీసుకు వెళ్ళలేకపోతున్నా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ ఉత్తరం పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉండనే ఉంది.

వైశాఖంలో పెళ్ళికి తప్పక రా. పట్టుపంచె లోపల పల్చటి కాటన్ పంచె కట్టుకో, కండువా జరీ అంచు మెడకు తగలకుండా లోపలికి మడిచి వేసుకో. గట్టిమేళం వాయించేటప్పుడు స్పీకరు ఎదుట నిలబడకు, ప్లగ్గులు జేబులో ఉంచుకో. భోజనం రెండో పంక్తిలో, చివరి ఆకు దగ్గర కూర్చోబెడతాను.

ఇట్లు,
మేనత్త