సమాధానం: కంపైలర్ జీపీఎల్ అయినంత మాత్రాన మీ కోడ్ జీపీఎల్ అయిపోదు

ఫ్రీ పాస్కల్‌లో (ఇది పాస్కల్ భాషకి ఉచిత కంపైలర్, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) రాసిన ప్రోగ్రామ్‌ని సోర్స్ ఇవ్వకుండా అమ్ముకోవచ్చా అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, అమ్ముకోవచ్చు. కంపైలర్‌ది జీపీఎల్ లైసెన్సే (పంచితే సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్స్), కానీ అది కంపైలర్ వరకే. మీరు చూడాల్సింది రన్‌టైమ్ లైబ్రరీ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన రెడీమేడ్ కోడ్) లైసెన్స్. మీ ఎగ్జిక్యూటబుల్‌లోకి, అంటే నడిచే ఫైల్లోకి వచ్చి చేరేది అదే. ఫ్రీ పాస్కల్ దానికి ఎల్‌జీపీఎల్‌తో (జీపీఎల్ కంటే సడలింపు ఉన్న లైసెన్స్) పాటు స్టాటిక్ లింకింగ్ మినహాయింపు కూడా ఇచ్చింది, అంటే లైబ్రరీ మీ ప్రోగ్రామ్‌లో కలిసిపోయినా మీ సోర్స్ ఇవ్వక్కర్లేదు. ఆ లైబ్రరీనే మార్చి పంచితే మాత్రం మీ మార్పుల సోర్స్ ఇవ్వాలి.

అడా అనే ప్రోగ్రామింగ్ భాషకి మారదామనుకుంటున్నానన్నారు. అసలు జాగ్రత్త అక్కడ కావాలి. జీసీసీతో (ఉచిత కంపైలర్ల సమూహం) వచ్చే అడా కంపైలర్ గ్నాట్‌కి ఇలాంటి రన్‌టైమ్ మినహాయింపు ఉంది. అడాకోర్ కంపెనీ 2021 వరకు ఇచ్చిన గ్నాట్ కమ్యూనిటీ ఎడిషన్‌కి లేదు. దాంతో కంపైల్ చేసి పంచితే మీ ప్రోగ్రామ్‌కీ జీపీఎల్ వర్తిస్తుంది. ఆ పాత ఇన్‌స్టాలర్ మీ దగ్గరుంటే తీసేసి జీసీసీది పెట్టుకోండి.

లాజరస్‌లో (ఫ్రీ పాస్కల్‌తో ప్రోగ్రామ్‌లు రాసుకునే టూల్) బయటి కాంపొనెంట్లు వాడుతుంటే ఒక్కో ఫైలు మొదట్లో ఉండే లైసెన్స్ కామెంట్ తప్పకుండా చదవండి.